క్లోరిన్ బ్లీచ్ లేకుండా తెల్లబట్టలు తెల్లగా: కాలర్ మురికి నుంచి ఆవకాయ మరక దాకా

ఈ రోజు ఎపిసోడ్ తెల్లబట్టల గురించి. ఒకసారి మీ అల్మరా తెరిచి చూడండి. కొన్న రోజు మల్లెపువ్వులా ఉన్న చొక్కా ఇప్పుడెలా ఉంది? కాలర్ లోపల పసుపు గీత, చంకల దగ్గర గట్టిపడిన మరక, మిగతాదంతా ఒకరకమైన బూడిద రంగు. ఇంటర్వ్యూకి వేసుకుందామంటే మనసొప్పదు. పారేద్దామంటే బట్ట ఇంకా గట్టిగానే ఉంది. నర్సింగ్ చదివేవాళ్లకి, మెడికోలకి, లాయర్లకి, హోటల్లో పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఉండే తలనొప్పి. దుప్పట్లు, దిండు గలీబులు, టవల్స్, బనియన్లు సరేసరి.

అలాంటప్పుడు చాలామంది చేసే పని ఏంటి? కిరాణా షాపులో బ్లీచ్ బాటిల్ కొనుక్కొచ్చి, అందాజుగా బకెట్లో ఒంపేసి, బాత్రూమ్ తలుపేసి వచ్చేయడం. ఇవాళ మనం ఆ బాటిల్ అవసరం లేకుండా అదే పని, నిజం చెప్పాలంటే అంతకంటే మంచి పని, ఎలా చేయాలో చూద్దాం. టిప్ ఒక్కటి చెప్పేసి వదిలేయను. ఏది ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్తాను. ఎందుకు అనేది తెలిస్తే కొత్త మరక పడ్డప్పుడు మీరే ఆలోచించుకోగలరు.

ముందు, క్లోరిన్ బ్లీచ్ ఎందుకు వద్దంటున్నాను?

మొదటి కారణం మీ ఊపిరితిత్తులు. షాపుల్లో దొరికే లిక్విడ్ బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. మునిసిపాలిటీ వాళ్లు కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ కాల్షియం హైపోక్లోరైట్. రెండూ ఒకే కుటుంబం. వీటికి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇప్పుడు మన బాత్రూమ్ ఊహించుకోండి. బట్టలు నానబెట్టేది అక్కడే, టాయిలెట్ కడిగేది అక్కడే. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పీజీ హాస్టళ్లలో బాత్రూమ్‌కి కిటికీ అంటే ఒక చిన్న వెంటిలేటర్, అది కూడా సగం మూసుకుపోయి ఉంటుంది. బ్లీచ్ నీళ్లు ఒంపిన చోటే యాసిడ్ పోశారంటే ఆ గ్యాస్ వచ్చినట్టే. 1915 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర్ దగ్గర సైనికుల మీదకి వదిలింది కూడా ఈ గ్యాస్‌నే. గాలి కంటే బరువైనది కాబట్టి కిందే ఉండిపోతుంది. మనం వంగి కడిగేది కూడా కిందే కదా.

ఎప్పుడైనా ఇలా జరిగి కళ్లు మండి, దగ్గు మొదలైతే అక్కడే నిలబడి నీళ్లు కొట్టి కడిగేయాలని చూడొద్దు. వెంటనే బయటికి, గాలి ఆడే చోటికి వచ్చేయండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా 108కి కాల్ చేయండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఇంకా జాగ్రత్త.

రెండో కారణం బట్ట. క్లోరిన్ బ్లీచ్ మరకతో పాటు నూలు పోగును కూడా తింటుంది. నాలుగైదు సార్లు వాడిన బనియన్‌కి చిల్లులు ఎందుకు పడతాయనుకున్నారు? పట్టు, ఉన్ని అయితే ఇంకా ఘోరం, అవి ప్రోటీన్ దారాలు కాబట్టి ఏకంగా కరిగిపోతాయి. సాగే బట్టల్లో ఉండే లైక్రా, ఇంకా నైలాన్ ఇవి తెల్లబడకపోగా పచ్చబడతాయి.

మూడో కారణం చాలామందికి తెలీదు. కొన్ని మరకలు క్లోరిన్ వల్ల ఇంకా ముదురుతాయి. చంకల దగ్గర చెమట మరక మీద బ్లీచ్ వేసి చూడండి, పసుపు ఇంకా ఎక్కువవుతుంది. బోరు నీళ్లలో ఐరన్ ఉంటే ఆ ఐరన్‌ని తుప్పుగా మార్చి బట్టకి అంటించేస్తుంది. మీరు తెల్లబడుతుందని వేస్తారు, అది నారింజ రంగులోకి వస్తుంది.

రోగం తెలుసుకున్నాకే మందు

"తెలుపు పోయింది" అని ఒకే మాటలో అనేస్తాం. కానీ అందులో నాలుగు రకాలున్నాయి. నాలుగింటికీ మందు వేరు.

ఒకటి, బట్ట మొత్తం బూడిద రంగులోకి రావడం. దీనికి ఎక్కువగా కారణం నీళ్లు, సబ్బు. బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. వీటినే ఉప్పు నీళ్లు, కఠిన జలం అంటాం. బట్టల సబ్బు ఈ కాల్షియంతో కలిస్తే నురగ రాదు, దాని బదులు తెల్లటి జిడ్డు తెట్టు కడుతుంది. బకెట్ అంచుకి అంటుకుంటుందే, అదే. అది బట్టలో కూడా కూర్చుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. సర్ఫ్ ఎక్కువ వేసి సరిగ్గా జాడించకపోయినా ఇదే సంగతి. చెక్ చేయడం ఈజీ. ఉతికి ఆరేసిన టవల్‌ని సబ్బు లేకుండా వేడినీళ్లలో వేసి చేత్తో కలపండి. నురగ వచ్చిందా? అయితే పాత సర్ఫ్ ఇంకా లోపలే ఉంది. అలాంటి బట్టకి మళ్లీ సర్ఫ్ వేయడం కాదు, లోపలున్నది బయటికి తీయడం కావాలి.

రెండు, కాలర్, దిండు గలీబు, దుప్పటి మధ్యలో వచ్చే పసుపు. ఇది ఒంటి జిడ్డు, తలనూనె. బట్టలో మిగిలిపోయిన నూనె గాలి తగిలి రోజులు గడిచేకొద్దీ పసుపవుతుంది. అందుకే బీరువాలో మడతపెట్టి దాచిన తెల్లబట్ట కూడా ఆరు నెలలకి తీస్తే మరకలు తేలి ఉంటుంది. దాచినప్పుడు కనబడని జిడ్డు, తీసినప్పుడు కనబడుతుంది.

మూడు, చంకల మరక. ఇది ఒట్టి చెమట కాదు. చెమట పట్టకుండా రాసుకునే రోల్-ఆన్‌లలో అల్యూమినియం లవణాలుంటాయి. అవి చెమటతో కలిసి బట్టలో గట్టిగా పేరుకుపోతాయి. చేత్తో తడిమితే అట్టలాగా తగులుతుంది.

నాలుగు, ఫలానా చోట పడ్డ మరక. పసుపు, సాంబారు, టీ, రక్తం, తుప్పు, ఇంకు. వీటి గురించి ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

అసలు హీరో: ఆక్సిజన్ బ్లీచ్

బ్లీచ్ అనగానే క్లోరిన్ ఒక్కటే కాదు. రంగు ఉన్న పదార్థాన్ని విరగ్గొట్టి రంగు లేకుండా చేసేది ఏదైనా బ్లీచే. ఆ పని ఆక్సిజన్‌తో కూడా చేయొచ్చు. మనకి కావాల్సిన పదార్థం పేరు సోడియం పెర్‌కార్బొనేట్. పేరు చూసి భయపడొద్దు. చాకలి సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండూ కలిసి పొడిగా గట్టిపడితే అదే ఇది. నీళ్లలో వేయగానే మళ్లీ ఆ రెండుగా విడిపోతుంది. సోడా జిడ్డుని వదిలిస్తుంది, నీటి కఠినత్వాన్ని కొంత తగ్గిస్తుంది. పెరాక్సైడ్ రంగుని విరగ్గొడుతుంది. చివరికి మిగిలేది నీళ్లు, ఆక్సిజన్, కాస్త సోడా. ఘాటు వాసన ఉండదు.

ఇదేం నిన్నా మొన్నా కనిపెట్టిన ఐడియా కాదు. జర్మనీలో హెంకెల్ కంపెనీ 1907లో పెర్సిల్ అనే బట్టల పొడి తెచ్చింది. అందులో వాడినవి పెర్‌బొరేట్, సిలికేట్. ఆ రెండు పేర్ల ముక్కలు కలిపే దానికి ఆ పేరు పెట్టారు. పెర్‌కార్బొనేట్ దాని చుట్టమే అనుకోండి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో సోడియం పెర్‌కార్బొనేట్ అని కొడితే పొడి విడిగా దొరుకుతుంది. సూపర్ మార్కెట్లో "ఆక్సి" అని పేరున్న స్టెయిన్ రిమూవర్ పౌడర్లు చాలావరకు ఇదే సరుకు, కాస్త డిటర్జెంట్ కలిపి. ప్యాకెట్ వెనక పదార్థాల లిస్టు చదివి కొనండి.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. చాలామంది ఇది కొని, చన్నీళ్లలో కలిపి, పది నిమిషాలు నానబెట్టి, "ఏం పనిచేయలేదు" అని పక్కన పడేస్తారు. దీనికి రెండు కావాలి: వేడి, టైము. చన్నీళ్లలో ఇది నిద్రపోతూ ఉంటుంది. 50 నుంచి 60 డిగ్రీల వేడిలో పని మొదలుపెడుతుంది.

థర్మామీటర్ లేకుండా 60 డిగ్రీలు ఎలా? లెక్క సింపుల్. మరిగే నీళ్లు 100 డిగ్రీలు, మన కుళాయి నీళ్లు ఓ 28 డిగ్రీలు అనుకుందాం. సగం సగం కలిపితే 64. బకెట్‌కి కొంత వేడి పోయినా 60 దగ్గర ఉంటుంది. ముందు చన్నీళ్లు పోసి తర్వాత మరిగే నీళ్లు పోయండి, ప్లాస్టిక్ బకెట్ మెత్తబడదు. మరిగే నీళ్ల గిన్నెతో ఇల్లంతా నడవకండి, బకెట్‌నే స్టవ్ దగ్గరికి తెచ్చుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. గీజర్ ఉంటే దాని వేడినీళ్లు చాలావరకు సరిపోతాయి. ఫ్రంట్ లోడ్ మెషీన్ ఉంటే కాటన్ 60 ప్రోగ్రామ్‌లో డ్రమ్ములో పొడి వేసేయొచ్చు.

పద్ధతి ఇదీ.

మొదట బట్టని మామూలుగా సర్ఫ్‌తో ఒకసారి ఉతకండి. పైన ఉన్న దుమ్ము, జిడ్డు పోతే పెరాక్సైడ్ అసలు మరక మీద పనిచేస్తుంది. లేదంటే దాని శక్తంతా దుమ్ము మీదే ఖర్చవుతుంది.

తర్వాత ప్లాస్టిక్ బకెట్లో 5 లీటర్ల వేడినీళ్లకి ఓ మూడు టేబుల్ స్పూన్ల పొడి వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. ప్యాకెట్ మీద వేరే కొలత ఉంటే అదే ఫాలో అవ్వండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఇది సోడా కాబట్టి చర్మం పొడిబారి మండుతుంది.

బట్ట మొత్తం మునగాలి. పైకి తేలితే ఒక ప్లేటు బోర్లించండి. కనీసం రెండు గంటలు. పాత పసుపైతే రాత్రంతా వదిలేయండి. కొద్దికొద్దిగా బుడగలు వస్తాయి, అదే ఆక్సిజన్.

తర్వాత రెండు సార్లు బాగా జాడించండి. మూడోసారి జాడించే నీళ్లలో బకెట్‌కి ఒక టీస్పూన్ నిమ్మ ఉప్పు కలపండి. బూందీ మిక్చర్లో, పులిహోరలో పులుపు కోసం వేస్తారే, అదే సిట్రిక్ యాసిడ్. బట్టలో పేరుకున్న కాల్షియం తెట్టుని ఇది కరిగిస్తుంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో బూడిద రంగు వదలడానికి సగం పని ఈ ఒక్క స్పూనే చేస్తుంది.

చివరగా ఎండ. దాని గురించి విడిగా చెప్తాను.

కొన్ని జాగ్రత్తలు కూడా రాసి పెట్టుకోండి. కలిపిన నీళ్లని సీసాలో పోసి మూత బిగించి దాచొద్దు. లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, సీసా పగులుతుంది. ఎప్పటికప్పుడు కలుపుకోవాల్సిందే. పట్టు, ఉన్ని, జరీ అంచు ఉన్నవాటి మీద వాడొద్దు. తెల్ల పట్టుపంచె, వెంకటగిరి జరీ చీర ఈ బకెట్ దగ్గరికే రాకూడదు. కలంకారీలాంటి సహజ రంగుల బట్టలూ వద్దు. ఇనుము బకెట్, రాగి బిందె వాడొద్దు, లోహం తగిలితే పెరాక్సైడ్ వృథాగా విరిగిపోతుంది. ఇక అన్నిటికంటే ముఖ్యం, దీన్ని క్లోరిన్ బ్లీచ్‌తో కానీ, వెనిగర్‌తో కానీ ఒకే బకెట్లో కలపొద్దు. నిమ్మ ఉప్పు కూడా బాగా జాడించాకే, వేరే నీళ్లలో.

మరక వారీగా ఏం చేయాలి?

పసుపు, సాంబారు, ఆవకాయ. మన ఇళ్లలో నంబర్ వన్ మరక ఇదే. పసుపు మీద సబ్బు రాయగానే ఎర్రగా మారుతుంది, చూసి గుండె ఆగినంత పనవుతుంది. భయపడొద్దు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి కదా, ఇదీ అదే. పసుపులో ఉండే కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, జాడిస్తే మళ్లీ పసుపవుతుంది. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు రాసి నూనె వదిలించండి, ఆవకాయలో సగం మరక నూనెదే. తర్వాత పెర్‌కార్బొనేట్‌లో నానబెట్టండి. ఇంకా లేత పసుపు మిగిలితే తడి బట్టనే ఎండలో ఆరేయండి. కర్క్యుమిన్ ఎండకి అస్సలు తట్టుకోలేదు. ఒక మధ్యాహ్నానికే తేడా కనబడుతుంది. ఆరిపోతే మళ్లీ తడిపి ఆరేయండి. పెళ్లిలో పసుపు పడ్డ తెల్ల పంచెలకి, హల్దీ ఫంక్షన్ కుర్తాలకి ఇదే మందు. కుర్తా పట్టుదైతే మాత్రం నేరుగా డ్రైక్లీనింగ్‌కే.

టీ, కాఫీ. ఇవి టానిన్ మరకలు. పెర్‌కార్బొనేట్ బాగా పనిచేసేది వీటి మీదే. ముందు బట్టల సబ్బు రుద్దొద్దు, సబ్బు టానిన్‌ని గట్టిపరుస్తుంది. నీళ్లతో కడిగి నేరుగా నానబెట్టండి.

రక్తం. దుప్పటి మీద పీరియడ్స్ మరక, గాయం మరక, ఏదైనా సరే. ఇందులో దాచుకోవాల్సింది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇది ప్రోటీన్ మరక, అంతే. ఇక్కడ రూల్ రివర్స్: ముందు చన్నీళ్లు మాత్రమే. వేడినీళ్లు పోస్తే గుడ్డు ఉడికినట్టు ప్రోటీన్ గట్టిపడి దారానికి అతుక్కుంటుంది. చన్నీళ్లలో ఎంత వదిలితే అంత వదిలించి, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసుకోండి. మన దగ్గర మామూలుగా అమ్మేది 20 వాల్యూమ్, అంటే దాదాపు 6 శాతం. దాన్ని అంతే నీళ్లతో కలిపితే 3 శాతం అవుతుంది. మరక మీద వేయగానే నురగ పొంగుతుంది. రక్తంలో ఉండే క్యాటలేజ్ అనే ఎంజైమ్ చేసే పని అది. ఐదు నిమిషాలాగి చన్నీళ్లతో కడిగి, అవసరమైతే మళ్లీ వేయండి. మరక పూర్తిగా పోయాకే వేడినీళ్ల జోలికి వెళ్లండి.

చంకల మరక. ముందు యాసిడ్, తర్వాత ఆక్సిజన్. ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ నిమ్మ ఉప్పు వేసి, చంక భాగం మాత్రం అందులో ఓ అరగంట నాననివ్వండి. అల్యూమినియం అట్ట మెత్తబడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. పూర్తిగా జాడించి, అప్పుడు పెర్‌కార్బొనేట్‌లో రాత్రంతా ఉంచండి. మళ్లీ రాకుండా ఉండాలంటే రోల్-ఆన్ ఆరాకే చొక్కా వేసుకోండి. విప్పిన చొక్కాని వారం రోజులు బుట్టలో పడేయకుండా, కనీసం చంకల దగ్గర నీళ్లతో తడిపి పిండి ఆరేయండి.

తుప్పు. ఇనుప తీగ మీద ఆరేసినప్పుడు, బోరు నీళ్లకి పడేది. దీని మీద ఏ బ్లీచ్ అయినా వేస్ట్, ఎందుకంటే తుప్పు అప్పటికే ఆక్సిజన్ పట్టిన ఇనుము. దీనికి యాసిడ్ కావాలి. నిమ్మకాయ రసం, ఉప్పు కలిపి మరక మీద రాసి ఎండలో పెట్టండి, ఆరకముందే కడిగేయండి. పోకపోతే మళ్లీ చేయండి.

ఇంకు. బాల్‌పెన్ ఇంకుని నీళ్లతో తడపకముందే శానిటైజర్ కానీ సర్జికల్ స్పిరిట్ కానీ దూదితో అద్దండి. కింద పాత గుడ్డ పెట్టండి, ఇంకు అందులోకి దిగుతుంది. రుద్దితే పాకుతుంది, అద్దాలి.

రంగు అంటిన తెల్లబట్ట. కొత్త ఎర్ర టీషర్టుతో కలిపి వేసేశారు, చొక్కా గులాబీ అయిపోయింది. ఎండబెట్టకండి, ఇస్త్రీ అసలే చేయకండి. తడిగా ఉండగానే పెర్‌కార్బొనేట్ వేడినీళ్లలో రాత్రంతా వేయండి. చాలాసార్లు వదులుతుంది.

వంట సోడా, వెనిగర్ కలిపితే పొంగుతుంది కదా?

రీల్స్‌లో రోజూ కనిపించే సీన్ ఇది. వంట సోడా పోస్తారు, పైన వెనిగర్ పోస్తారు, బుస్సుమని పొంగుతుంది, "వావ్" అంటారు. వీడియోకి బాగుంటుంది. బట్టకి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. సోడా క్షారం, వెనిగర్ యాసిడ్. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్, అంటే సోడా బాటిల్లో గ్యాసే. మిగిలేది ఉప్పులాంటి నీళ్లు. విడివిడిగా వాడితే రెండింటికీ పనుంది: సోడా జిడ్డుకి, వెనిగర్ కాల్షియం తెట్టుకి. కలిపి వాడితే రెండూ వేస్ట్.

ఇంకో కన్‌ఫ్యూజన్ కూడా తీర్చేస్తాను. వంట సోడా వేరు, చాకలి సోడా వేరు. వంట సోడా నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటుంది, చాకలి సోడాది 11 దగ్గర. జిడ్డు వదలాలంటే చాకలి సోడా కావాలి. పెర్‌కార్బొనేట్ దొరకని ఊళ్లో ఉంటే చాకలి సోడా వేడినీళ్లు, తర్వాత మెడికల్ షాపు పెరాక్సైడ్ నీళ్లు, ఆ తర్వాత ఎండ. దాదాపు అదే ఫలితం.

నీలం తెలుపునిస్తుందా?

తాతగారి పంచెకి నీలిమందు, తర్వాత రాబిన్ బ్లూ పొడి, 1983లో మొదలైన ఉజాలా. వీటిలో ఏదీ మరకని తీయదు. మరి తెల్లగా ఎందుకు కనబడుతుంది? పసుపు రంగుకి ఎదురు రంగు నీలం, ఊదా వైపు ఉంటుంది. లేత పసుపు మీద లేత నీలం పడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని కంటికి తెలుపు కనిపిస్తుంది. అంటే ఇది మేకప్. తప్పేం లేదు, కానీ మొహం కడుక్కున్నాకే మేకప్. మరక మీద నీలం పెడితే మరక ఆకుపచ్చగా, మురిగ్గా తేలుతుంది. అన్నీ అయ్యాక ఆఖరి జాడింపులో, ముందు మగ్గులో కలిపి తర్వాత బకెట్లో పోసుకుని, రెండు మూడు చుక్కలు. నేరుగా బట్ట మీద పడితే నీలం మచ్చలు ఖాయం.

డిటర్జెంట్లలో ఇంకో రకం మేకప్ ఉంటుంది, ఆప్టికల్ బ్రైటెనర్. ఇది కంటికి కనబడని అల్ట్రావయొలెట్‌ని పీల్చుకుని నీలి వెలుగుగా బయటికి వదులుతుంది. పబ్‌లో, బౌలింగ్ సెంటర్లో ఊదా లైట్ కింద మీ తెల్ల టీషర్టు వెలిగిపోతుందే, అది దీని వల్లే. ఇక్కడ ఒక్క మాట. పొందూరు ఖద్దరులాంటి సహజమైన మీగడ రంగు బట్ట మీద వీటిని వాడితే దాని అసలు రంగు పోతుంది. ఆ మీగడ రంగు మురికి కాదు, పత్తి రంగు. దాన్ని తెల్లబరచాలని చూడకండి.

ఎండ, రేవు, మన పాత సైన్స్

ఇంత కెమిస్ట్రీ చెప్పుకున్నాం కానీ, మన ఊళ్లలో రజకులు ఇవేవీ లేకుండానే ఊరందరి బట్టలూ పాలనురగలా ఇచ్చేవాళ్లు. ఎలా? చౌడు మట్టి నీళ్లలో ముంచేవాళ్లు. చౌడులో ఉండేది సోడా, అంటే క్షారం. పెద్ద బానలో పెట్టి ఆవిరి పట్టించేవాళ్లు, అది వేడి. రేవులో పారే నీళ్లలో జాడించేవాళ్లు, సబ్బు తెట్టు మిగిలే ప్రశ్నే లేదు. ఆఖరికి ఎండలో పరిచేవాళ్లు, రంగు విరగ్గొట్టే పని సూర్యుడిది. క్షారం, వేడి, జాడింపు, వెలుతురు. మనం ఇవాళ బకెట్లో చేసింది కూడా వరసగా ఇవే. ఎన్ని గంటలు వంగి, ఎంత బరువు మోసి చేసిన పని అది! ఆ పనికి దక్కాల్సినంత గౌరవం మనం ఇవ్వలేదు అనేది కూడా నిజం.

అదే కాలంలో యూరప్‌లో నార బట్టల్ని పచ్చిక మైదానాల్లో నెలల తరబడి ఎండలో పరిచేవాళ్లు, పుల్లటి మజ్జిగలో నానబెట్టేవాళ్లు. 1780లలో ఫ్రాన్స్‌లో బెర్తోలే క్లోరిన్‌తో తెల్లబరచడం చూపించాకే, నెలల పని రోజుల్లోకి వచ్చింది. క్లోరిన్ అంత పాపులర్ అవడానికి కారణం అది మంచిదని కాదు, తొందరగా చేస్తుందని.

అపార్ట్‌మెంట్లో ఎండ ఎక్కడిది అంటారా? బాల్కనీలో పడే రెండు గంటల ఎండైనా మరక ఉన్న వైపు సూర్యుడికి పెట్టండి. తడిగా ఉన్నప్పుడే ఎండ ఎక్కువ పనిచేస్తుంది. పసిపిల్లల గుడ్డల మీద పసుపు మరకలకైతే ఇంతకంటే సేఫ్ పద్ధతి లేదు.

ఎప్పుడు ఆపేయాలి?

అన్నీ పోతాయని నేను చెప్పను. అరటి దవ్వ కోసేటప్పుడు పడ్డ కర పాతబడితే ఇక అది బట్టతో పాటే. ఇస్త్రీ పెట్టె కాలిన పసుపు మరక కాదు, కాలిన దారం. ఇదివరకే క్లోరిన్ బ్లీచ్ వేసి పచ్చబడిన లైక్రా వెనక్కి రాదు. రెండు సార్లు నానబెట్టినా ఏ మార్పూ లేదంటే పొడి ఇంకా ఎక్కువ వేయకండి. ఆ చొక్కాకి లేత రంగు అద్దించుకోండి, లేదా ఇంట్లో వాడుకోండి.

మొత్తం ఒక్క ముక్కలో: మరక ఏదో ముందు తెలుసుకోండి. జిడ్డుకి సోడా, ప్రోటీన్‌కి చన్నీళ్లు, తుప్పుకి, తెట్టుకి నిమ్మ ఉప్పు, మిగతా రంగుకి ఆక్సిజన్, ఆఖర్న ఎండ. ఏ రెండిటినీ ఒకే బకెట్లో కలపొద్దు.

ఇంకో మాట. ఇంట్లో ఈ పని రోజూ ఎవరు చేస్తున్నారో మీకు తెలుసు. అమ్మో, నానమ్మో, పనికి వచ్చే అక్కో. వాళ్ల బాత్రూమ్‌లో బ్లీచ్ బాటిల్, టాయిలెట్ క్లీనర్ పక్కపక్కన ఉన్నాయేమో ఇవాళే చూడండి. ఉంటే విడదీసి పెట్టండి, ఎందుకో వాళ్లకి చెప్పండి. ఈ ఆదివారం ఒక బకెట్ మీరే నానబెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వాషింగ్ మెషీన్ లోపల వచ్చే ముక్క వాసన సంగతి చూద్దాం.